సంతకానికి ముందు తెలుగులో చెప్పండి

మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నల్లగొండ, భువనగిరి లోక్‌సభ సభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పార్లమెంటు సభ్యులకు నమస్కారం.

మక్తల్ దగ్గర ఒక పల్లె నాది. తపాలా శాఖలో పోస్ట్‌మాన్‌గా చేరి, ముప్పై ఆరేళ్ల తరువాత సబ్ పోస్ట్‌మాస్టర్‌గా రిటైరయ్యాను. పోయిన నెల ఒక సాయంత్రం మా ఊరి తాపీ మేస్త్రీ ఒకతను ఫోను పట్టుకుని మా అరుగు మీదికి వచ్చాడు. "పోస్టు సారూ, దుబాయి కాగితం వచ్చింది. రేపు పొద్దుటికల్లా సంతకం పెట్టి ఫొటో తీసి పంపమన్నారు. ఒక్కసారి చదివిపెట్టండి" అన్నాడు. పక్కన అతని భార్య నిలబడి ఉంది, చంకలో పిల్లతో.

కాగితంలో ఒక పక్క అరబ్బీ, ఒక పక్క ఇంగ్లీషు. కళ్లద్దాలు పెట్టుకుని మెల్లగా చదివాను. ఉద్యోగం అన్న చోట క్లీనర్ అని ఉంది. మూలవేతనం 800 దిర్హాములు. ఒప్పందం రెండేళ్లు, అందులో మొదటి ఆరు నెలలు ప్రొబేషన్. అతనికి ఏజెంటు చెప్పింది వేరు. మేస్త్రీ పని, నెలకు 1,800 దిర్హాములు, ఓవర్‌టైమ్ అదనం. ఆ మాట నమ్మి నూటికి మూడు రూపాయల వడ్డీకి 1,50,000 రూపాయలు తెచ్చాడు. అందులో 60,000 అప్పటికే ఏజెంటుకు ముట్టాయి.

చదివింది చదివినట్టు తెలుగులో చెప్పాను. అతను కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత అడిగాడు, "క్లీనర్ అంటే గోడలు కట్టేవాడా సారూ, కడిగేవాడా?"

ఇరవై రెండేళ్లుగా గోడలు కడుతున్న మనిషి ఆ ప్రశ్న అడిగాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ లేఖ ఆ రాత్రే మొదలుపెట్టాను.

మీ నలుగురికే ఎందుకు రాస్తున్నానంటే, ఇది గ్రామ పంచాయతీ చేతిలోనిదీ కాదు, కలెక్టరు చేతిలోనిదీ కాదు. పాస్‌పోర్టులు, వీసాలు, దేశం దాటి వెళ్లడం రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితా 19వ అంశం. దానిపై చట్టం చేయగలిగేది పార్లమెంటు. కృష్ణా ఒడ్డు నుంచి మూసీ ఒడ్డు దాకా మా మాట అక్కడ వినిపించవలసింది మీరే. నేను అడిగేది ఒక్కటే. పని కోసం విదేశం వెళ్లే మన మనిషి సంతకం చేసే ఒప్పందం, అతను సంతకం చేయకముందే, డబ్బు చేతులు మారకముందే, తెలుగులో అతనికి అందాలి. చదవలేనివారికి విషయం తెలిసిన మనిషి ఎవరైనా చదివి వినిపించాలి.

ఇది చిన్న కోరికలా కనిపించవచ్చు. ఎందుకు చిన్నది కాదో చెప్పడానికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో పోస్ట్‌మాన్ పనిలో సగం ఉత్తరాలు ఇవ్వడం, సగం చదివిపెట్టడం. మా ఊళ్ల మగవాళ్లు, చాలా ఇళ్లలో ఆడవాళ్లు కూడా, ఏడాదిలో ఎనిమిది నెలలు ఊళ్లో ఉండేవారు కాదు. కృష్ణ స్టేషన్‌లో ముంబై బండి ఎక్కేవారు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు కూలీ ఉంటాడని అప్పటికే పేరు. అక్కడి నుంచి ఇన్‌లాండ్ కవర్లు, మనియార్డర్లు వచ్చేవి. ఎవరి చేతో రాయించినా ఉత్తరం తెలుగులోనే ఉండేది. నేను గడపలో కూర్చుని చదివితే ఇంటిల్లిపాదీ వినేవారు. "ఇంకొకసారి చదవండి" అనేవారు. చదివేవాడిని. ఎంత కూలి, ఎన్ని రోజుల పని, ఎవరికి జ్వరం, ఎప్పుడు వస్తారు, అన్నీ ఆ మూడు మడతల్లోనే.

అప్పటి ఒప్పందాలన్నీ నోటి మాట మీదే. గుంపు మేస్త్రీ ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చి ఇంత కూలి అని చెప్పేవాడు. ఆ పద్ధతిలో ఎంత అన్యాయం ఉండేదో నాకు తెలుసు. దాన్ని పొగడడం నా ఉద్దేశం కాదు. అయితే మేస్త్రీ మాట తప్పితే అతని ఇంటి ముందు కూర్చుని అడిగే వీలుండేది. అతని పెళ్లాం పిల్లలు ఆ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉండేవారు. నోటి మాటనే నమ్మే ఆ అలవాటే మనవాళ్లను గల్ఫ్ వీసా దగ్గర దెబ్బతీస్తోంది. ఏజెంటు చెప్పిన మాటనే వాళ్లు ఒప్పందం అనుకుంటారు, కాగితాన్ని లాంఛనం అనుకుంటారు. విమానం దిగిన తరువాత లెక్క తలకిందులవుతుంది. అక్కడి లేబర్ ఆఫీసులో ఏజెంటు మాటకు విలువ ఉండదు. మక్తల్‌లో, కోస్గిలో, దేవరకొండలో ఎవరు ఏమి చెప్పి పంపారో అక్కడ ఎవరూ అడగరు. సంతకం కింద ఏముందో అదే చూస్తారు.

ఆ కాగితం ఏ భాషలో ఉండాలన్న ఆలోచన గల్ఫ్ దేశాలకు రాలేదనుకోకండి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2016 జనవరి నుంచి ఒక మంచి నియమం తెచ్చింది. కార్మికుడు తన దేశంలో ఉండగానే ఉద్యోగ ప్రతిపాదన పత్రం అతనికి చూపించి సంతకం తీసుకోవాలి, అక్కడికి వెళ్లాక చేసే ఒప్పందం దానికి భిన్నంగా ఉండకూడదు. ఆ పత్రం కార్మికుడికి అర్థమయ్యే భాషలో ఉండాలని 11 భాషల్లో నమూనాలు తయారు చేశారు. అరబ్బీ, ఇంగ్లీషుతో పాటు హిందీ, ఉర్దూ, బెంగాలీ, మలయాళం, తమిళం, నేపాలీ, సింహళం, దరీ, చైనీస్. ఆ జాబితాను నేను ఒకటికి రెండుసార్లు చదివాను. తెలుగు లేదు.

2011 జనగణనలో తెలుగును మాతృభాషగా చెప్పినవారు 8 కోట్ల 11 లక్షల మంది. తమిళం 6 కోట్ల 90 లక్షలు, మలయాళం 3 కోట్ల 48 లక్షలు. ఆ రెండు భాషలవారికి దక్కిందని నాకు అసూయ లేదు, వాళ్ల కార్మికులకు మేలు జరిగిందని సంతోషమే. కానీ దశాబ్దాలుగా తెలంగాణ నుంచి, కడప, గోదావరి జిల్లాల నుంచి దుబాయి, మస్కట్, కువైట్ విమానాలు ఎక్కుతున్న మన మనుషుల భాష ఆ బల్ల మీదికి రాలేదంటే, మన తరఫున ఎవరూ గట్టిగా అడగలేదనే నేను అనుకుంటున్నాను. ఇప్పుడు అడగండి. రెండు ప్రభుత్వాల మధ్య కార్మికుల విషయాల మీద చర్చలు జరుగుతూనే ఉంటాయి. తెలుగును పన్నెండో భాషగా చేర్చమని విదేశాంగ శాఖ చేత అడిగించండి. రాజకీయంగా మీరు వేరు వేరు పక్షాలవారు కావచ్చు. ఈ ఒక్క కాగితం మీద నలుగురి సంతకాలు కలవడానికి ఏ పార్టీ సిద్ధాంతమూ అడ్డం రాదు.

మన చట్టం సంగతి చూడండి. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు మీద ఈసీఆర్, అంటే దేశం దాటే ముందు ప్రభుత్వ తనిఖీ అవసరం అన్న ముద్ర పడుతుంది. గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు వాళ్లు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అధికారి అనుమతి కావాలి. ఎందుకీ నిబంధన? చదువు తక్కువైనవాళ్లు మోసపోతారు కాబట్టి ప్రభుత్వం అండగా ఉండాలని. మంచి ఉద్దేశమే, దాన్ని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కానీ ఈ మనిషికి చదువు తక్కువ, ఇతన్ని కాపాడాలి అని పాస్‌పోర్టు మీద ముద్ర వేసిన ప్రభుత్వమే, అతని జీవితంలో అన్నిటికంటే పెద్ద ఒప్పందం ఇంగ్లీషులో, అరబ్బీలో ఉంటే చూస్తూ ఊరుకుంటోంది. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 2011లో 55 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నిటిలో అదే అట్టడుగు. తెలుగులో ఉన్నా చదవలేనివారు సగానికి దగ్గరగా ఉన్న నేలలో ఇంగ్లీషు కాగితం పంచుతున్నారు.

డబ్బు విషయం కూడా ఇంతే. లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు కార్మికుడి నుంచి తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. అంతకు మించి పైసా తీసుకోకూడదు, తీసుకున్నదానికి రసీదు ఇవ్వాలి. ఎమిరేట్స్ చట్టం ప్రకారం నియామకం ఖర్చులు కార్మికుడి మీద వేయకూడదు. సౌదీ కార్మిక చట్టం 40వ అధికరణం ప్రకారం అకామా (అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి), వర్క్ పర్మిట్, వాటి రెన్యువల్ ఖర్చులు యజమానివే. ఇవన్నీ ఉన్నాయి. అయినా మా మేస్త్రీ లక్షన్నర అప్పు చేశాడు. నెలకు వడ్డీయే 4,500. రెండేళ్ల ఒప్పందం ముగిసేసరికి వడ్డీ ఒక్కటే 1,08,000 అవుతుంది, అసలు అలాగే ఉంటుంది. 800 దిర్హాములంటే మన లెక్కలో సుమారు ఇరవై వేలు. అందులో తిండి పోగా, వడ్డీ పోగా ఇంటికి ఎంత వస్తుందో అతని భార్య నా ముందే వేళ్ల మీద లెక్క వేసింది. ఆమె బడికి వెళ్లలేదు. లెక్క తప్పలేదు.

ఆ ఏజెంటు పేరును కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో ఉన్న లైసెన్సు ఏజెంట్ల జాబితాలో వెతికాను. లేదు. అతను హైదరాబాద్‌లో ఎవరికో ఉప ఏజెంటట. చట్టంలో ఉప ఏజెంటు అన్నవాడికి చోటే లేదు. లైసెన్సు లేకుండా మనుషులను పంపితే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం 24వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా. అవును, రెండు వేలే. ఒక్క కూలీ నుంచి తీసుకున్న అడ్వాన్సులో ముప్పయ్యో వంతు. నలభై ఏళ్ల కింద రెండు వేలకు విలువ ఉండేది. ఈ చట్టం స్థానంలో కొత్త చట్టం తెస్తామని కేంద్రం 2021లో ఒక ముసాయిదా, 2025లో మరొక ముసాయిదా విడుదల చేసింది. ఆ బిల్లు మీద మాట్లాడే అవకాశం మీకు వచ్చినప్పుడు జరిమానా సంగతితో పాటు మాతృభాషలో ఒప్పందం అన్న నిబంధన చేర్చమని అడగాలని నా విన్నపం.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెబుతాను. ఇది చెప్పడం నాకు కష్టం.

2016లో మా అక్క కొడుకు షార్జా వెళ్తానన్నాడు. వీసా కాగితం తెచ్చి నాకే చూపించాడు. "మామయ్యా, అంతా సరిగ్గా ఉందా?" అన్నాడు. పైన పెద్ద అక్షరాలతో ఎంట్రీ పర్మిట్ అని ఉంది. పేరు, పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ అన్నీ సరిచూశాను, అక్షరం తప్పు లేదు. టూరిస్టు అన్న మాట కూడా చూశాను. మొదటిసారి వెళ్లేవాళ్లకు అలాగే ఇస్తారు, అక్కడికి వెళ్లాక కంపెనీ మార్చుకుంటుంది అని ఏజెంటు చెప్పాడట. సరే కాబోలు అనుకున్నాను. "సరిగ్గానే ఉందిరా" అన్నాను.

ఇంగ్లీషు చదవడం వచ్చిన నేనే ఆ మాట అన్నాను. పని వీసాకూ, చూసి రావడానికి ఇచ్చే విజిట్ వీసాకూ పైన ఉండే పేరు ఒకటే అని, తేడా అంతా కింద ఉన్న ఆ ఒక్క మాటలో ఉందని నాకు తెలియదు. విజిట్ వీసా మీద వెళ్లేవాడికి ఎమిగ్రేషన్ అనుమతి ఉండదు, ప్రభుత్వ బీమా ఉండదు, తన పేరున ఒప్పందమే ఉండదు. ఎయిర్‌పోర్టులో అడిగితే బంధువుల ఇంటికి వెళ్తున్నానని చెప్పమన్నారు, వాడు అలాగే చెప్పాడు. అక్కడ ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర పనికి పెట్టారు. నాలుగు నెలలు జీతం ఇవ్వలేదు. ఫిర్యాదు చేద్దామంటే లేబర్ కార్డు లేదు. ఆ దేశపు లెక్కలో వాడు పనివాడే కాదు. గడువు దాటి ఉన్నందుకు రోజు రోజుకూ జరిమానా పెరిగింది. ఎక్కడో దాక్కుంటూ, దొరికిన రోజు పని చేస్తూ రెండేళ్లు గడిపాడు. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు దాన్ని ఖల్లివెల్లి కావడం అంటారు. 2018లో ఎమిరేట్స్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఔట్‌పాస్, అంటే దేశం విడిచి వెళ్లడానికి ఇచ్చే కాగితం, మీద తిరిగి వచ్చాడు. శంషాబాద్‌లో బయటికి వచ్చినప్పుడు చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి ఉంది. మా అక్క నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ అనదు.

అందుకే చెబుతున్నాను, కాగితాన్ని తెలుగులోకి మార్చినంత మాత్రాన సరిపోదు. అక్షరాలు చదివే నాలాంటివాడు చాలడు. ఆ కాగితం వెనుక ఏముందో తెలిసిన మనిషి కావాలి. ఇది ఎంప్లాయ్‌మెంట్ వీసా కాదు, విజిట్ వీసా, దీని మీద పని చేస్తే నేరం అని చెప్పే మనిషి. ఆజాద్ వీసా అని ఏజెంటు అమ్మేది ఏ దేశపు చట్టంలోనూ లేదని, యజమాని ఒకడి పేరున వీసా ఉండి పని ఇంకొకడి దగ్గర చేస్తే పట్టుకుంటారని చెప్పే మనిషి. సౌదీ వీసా మీద ఆమిల్ అని ఉంటే దానికి అర్థం కూలీ అని, నీకు ఎలక్ట్రీషియన్ పని వచ్చినా కాగితం నిన్ను కూలీగానే చూస్తుందని చెప్పే మనిషి.

అలాంటి మనిషి కోసం మావాళ్లు ఇవాళ హైదరాబాద్ వెళ్లాలి. ఒక రోజు కూలి పోతుంది, ఛార్జీలు అవుతాయి, ఎక్కడ దిగాలో తెలియదు. ఏజెంటు మాత్రం ఇంటికే వస్తాడు. ఇంటికి వచ్చినవాడిని వదిలి ఎక్కడో ఉన్న ఆఫీసును ఎవరు వెతుక్కుంటారు?

దీనికి దారి మా శాఖలోనే ఉంది. ఒకప్పుడు పాస్‌పోర్టు కోసం కూడా హైదరాబాదే వెళ్లేవాళ్లం. ఇప్పుడు మహబూబ్‌నగర్ పోస్టాఫీసులో, నల్లగొండ పోస్టాఫీసులో పాస్‌పోర్టు సేవా కేంద్రాలు ఉన్నాయి. పాస్‌పోర్టు ఇచ్చే బల్ల పోస్టాఫీసుకు వచ్చినప్పుడు, ఒప్పందం చదివిపెట్టే బల్ల ఎందుకు రాకూడదు? వారానికి ఒక రోజు, సంత జరిగే రోజైతే మరీ మంచిది, ప్రొటెక్టర్ కార్యాలయం నుంచి గానీ, విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నుంచి గానీ శిక్షణ పొందిన ఒక్కరు కూర్చుంటే చాలు. వీసా ఏ రకం, పని ఏది, జీతం ఎంత, గది ఎవరిది, తిరుగు టికెట్టు ఎవరిది, ఏజెంటుకు లైసెన్సు ఉందా లేదా, ఇవన్నీ తెలుగులో చెప్పి, చెప్పినదాన్ని ఆ మనిషి ఫోనులోనే రికార్డు చేసి ఇవ్వాలి. రికార్డు ఎందుకంటే, ఇంటికి వెళ్లి భార్యకు వినిపించడానికి. అప్పు పత్రం మీద ఆమె వేలిముద్ర కూడా పడుతుంది. మేము ఉత్తరాలు చదివిన రోజుల్లో ఇల్లంతా వినేది. ఇప్పుడు విషయమంతా ఒక్క మగవాడి ఫోనులో ఉండిపోతోంది.

అనువాదం కూడా కొండంత పని కాదు. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద సక్రమంగా వెళ్లేవారి ఉద్యోగం, జీతం, యజమాని వివరాలు ఈ-మైగ్రేట్‌లో నమోదవుతాయి. అంటే ఆ సమాచారం ముందే ప్రభుత్వ కంప్యూటర్‌లో ఉంది. ఒప్పందం నమూనా ఎప్పుడూ ఒకటే, మారేది పేర్లు, అంకెలు, పని పేరు. నమూనాను ఒకసారి మంచి తెలుగులోకి మార్చి, కొన్ని వందల పనుల పేర్లకు మన మేస్త్రీలు, కూలీలు వాడే మాటలే పెట్టుకుంటే, ప్రతి ఒప్పందానికీ తెలుగు ప్రతి దానంతట అదే వస్తుంది. ఒక మనవి, ఆ తెలుగును మా ఊరి మనిషి ఒకరికి చదివి వినిపించిన తరువాతే ఖాయం చేయాలి. ప్రభుత్వ కాగితాల్లో వచ్చే తెలుగు కొన్నిసార్లు ఇంగ్లీషు కంటే కష్టంగా ఉంటుంది.

బీమా గురించి ఇక్కడే చెప్పాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు కడితే, ప్రమాదంలో చనిపోయినా శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల బీమా. ఈసీఆర్ పాస్‌పోర్టుతో పని వీసా మీద వెళ్లేవారికి ఇది తప్పనిసరి. మా పక్క ఊరి కుర్రవాడు ఒకడు విజిట్ వీసా మీద వెళ్లి పరంజా మీది నుంచి పడ్డాడు. నడుము విరిగింది. మంచంలోనే ఉన్నాడు. 275 రూపాయల బీమా అతనికి లేదు, ఎందుకంటే అతను వెళ్లిన వీసాకు అది రాదు. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షలు ఇస్తోంది. ఆ నిర్ణయానికి చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ బతికుండగా, బయలుదేరకముందు చేయవలసిన సాయం ఇంకా మిగిలే ఉంది.

దేవరకొండ వైపు తండాల సంగతి నా పాత సహోద్యోగి ఒకరు చెప్పారు. అక్కడి ఆడవాళ్లు కొందరు ఇంటిపనికి, వాళ్ల మాటలో గద్దామా పనికి, వెళ్తారు. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న స్త్రీ ఇంటిపనికి ఆ దేశాలకు వెళ్లాలంటే కనీసం 30 ఏళ్లు నిండాలి, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. రక్షణ కోసం పెట్టిన ఈ నిబంధన తెలియక, తెలిసినా ఆగలేక, వాళ్లు కూడా విజిట్ వీసా దారే పడతారు. ఇంట్లో లంబాడీ మాట్లాడే ఆమెకు తెలుగే రెండో భాష. ఇంగ్లీషు, అరబ్బీ కాగితం ఆమెకు ఎంత దూరమో మీరే ఆలోచించండి. ఆ బల్ల దగ్గర లంబాడీ తెలిసినవారు కూడా ఉంటే అంతకంటే కావలసింది లేదు.

కొందరు పెద్దలు నాతో అన్నారు, అంత కష్టమైతే వెళ్లడం ఎందుకు, ఇక్కడే పని చేసుకోవచ్చు కదా అని. వెళ్లాలో వద్దో వాళ్ల ఇష్టం. బోరు ఎండినవాడికి, కూతురి పెళ్లి ముందున్నవాడికి, ఉద్యోగం లేని డిగ్రీ కుర్రవాడికి మనం ఆ మాట చెప్పలేం. ఇంకొందరు, ఇంగ్లీషు నేర్చుకోవాలి అంటారు. పిల్లలు నేర్చుకుంటున్నారు. నలభై ఐదేళ్ల మేస్త్రీ ఇంగ్లీషు నేర్చుకునేదాకా అతని వీసా ఆగదు. 2024లో ఇజ్రాయెల్ పనుల కోసం టామ్‌కామ్ ద్వారా హైదరాబాద్‌లో నైపుణ్య పరీక్షలు జరిగాయి. షట్టరింగ్, ఇనుము వంచడం, ప్లాస్టరింగ్, టైల్స్ పని. అక్కడ అడిగింది చేతిలో పని ఉందా అని. యుద్ధం జరుగుతున్న దేశానికి పంపడం మీద నాకు భయాలున్నాయి, అది వేరే మాట. ప్రభుత్వం తలచుకుంటే ఏజెంటు లేకుండా మనిషినీ పనినీ కలపగలదని మాత్రం తేలింది.

మీరు అడిగితే అవుతుందని నమ్మడానికి నాకు కారణాలున్నాయి. 2020 సెప్టెంబరులో గల్ఫ్‌కు వెళ్లేవారి కనీస రెఫరల్ వేతనాలను, అంటే ఇంతకంటే తక్కువ జీతానికి పంపకూడదని పెట్టిన హద్దులను, కేంద్రం 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. తెలంగాణలో నిరసన లేచింది, హైకోర్టు దాకా వెళ్లింది, 2021 జూలైలో పాత వేతనాలే మళ్లీ అమలులోకి వచ్చాయి. మా రైలు సంగతి మీకు తెలిసిందే. 1997-98లో మంజూరైన మార్గం మక్తల్ మీదుగా కృష్ణ దాకా పూర్తయి, 2023 అక్టోబరులో కాచిగూడ బండి నడిచింది. పాతికేళ్లు పట్టింది. ఈ కాగితానికి పాతికేళ్లు పట్టకూడదు. పట్టాలు వేయనక్కర లేదు, భూమి సేకరించనక్కర లేదు.

మేస్త్రీ విషయం చెప్పి ముగిస్తాను. మరునాడు అతను సంతకం పెట్టలేదు. మేస్త్రీ అని రాసిన కాగితం పంపమని ఏజెంటును అడిగాడు. "అవన్నీ పేరుకే, అక్కడ నీకు మేస్త్రీ పనే ఇస్తారు" అన్నాడట. అడ్వాన్సు తిరిగి ఇమ్మంటే టికెట్టు ఖర్చులకు పోయిందన్నాడట. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబరు 1800 11 3090కు ఇద్దరం కలిసి ఫోను చేశాం, ఫిర్యాదు రాసి పంపాం. వడ్డీ నడుస్తోంది. ఇప్పుడు అతను జడ్చర్లలో ఒక అపార్టుమెంటు పనికి వెళ్తున్నాడు, చీకటి పడ్డాక వచ్చి జవాబు ఏమైనా వచ్చిందా అని అడుగుతాడు. క్లీనర్ అని ఉన్న ఆ కాగితం ఇంకా అతని ఫోనులోనే ఉంది. నిన్న మరొక ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ల ఫోనుల్లో కూడా కాగితాలున్నాయి, ఒకటి కువైట్‌ది, ఒకటి ఖతర్‌ది. ఖతర్ కాగితం పూర్తిగా అరబ్బీలో ఉంది. అది చదవడం నాకు రాదు.

మీ నలుగురిలో ఎవరైనా మక్తల్ వైపు వస్తే ఆ ఖతర్ కాగితం మీకు చూపిస్తాను. దాని మీద సంతకానికి ఆ మనిషికి పదిహేను రోజుల గడువు ఉంది.

ఇట్లు,
మక్తల్ మండలం నుంచి
ఒక రిటైర్డ్ సబ్ పోస్ట్‌మాస్టర్